తాతకు మాట పోయింది, మనుమడికి మాట రాలేదు

ప్రశ్న:

“అక్కా, మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా. మా బాబుకు 2 ఏండ్ల 8 నెలలు. యాడి (అమ్మ), పాణి (నీళ్లు), బాటి (రొట్టె), బస్సు, కోడి... ఇట్ల పది పన్నెండు మాటలే అంటడు. ఏదన్న కావాలంటే వేలుతోని చూపిస్తడు, లేకుంటే చెయ్యి పట్టి గుంజుకపోతడు. వానకాలం వస్తే చెవులు కారుతయి. మా ఆయనకు చిన్నప్పటి సంది నత్తి. హైదరాబాద్‌ల సెంట్రింగ్ పని చేస్తడు. తన నత్తి కొడుక్కు అంటుకుంటదని ఫోన్ చేసినా వానితోని మాట్లాడడు. నాలుగు నెలల కింద మా మామకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట పడిపోయినయి. చెంబు అడగబోయి గొడ్డలి అంటడు, మాకు అర్థం కాకుంటే ఏడుస్తడు. మా లంబాడీల గురువు సేవాలాల్ భజన ఎత్తుకుంటే మాత్రం తప్పు లేకుండ పాడుతడు. జావ తాగితే దగ్గు. మా పెద్ద బావ ‘నాయినకు మతి పోయింది, భూమి కాగితాల మీద వేలిముద్ర పెట్టిద్దాం’ అంటుండు. అత్తమ్మ బాబుకు రోజూ వస నాకిస్తది. నేను మిర్చి ఏరబోతే వాని చేతికి ఫోన్ ఇస్త. ఒక ప్రైవేట్ బడివాళ్లు ఇంట్ల లంబాడీ బంద్ చేసి తెలుగు, ఇంగ్లీషే మాట్లాడుమన్నరు. జూన్‌ల బడికి పంపాల్నా? తండాల అందరు ఈ ఇంటికి ఏదో తగిలిందంటుండ్రు. నాకు మస్తు టెన్షన్ అయితుంది.”

సమాధానం:

చెల్లెమ్మా, ముందు ఆ ‘ఏదో తగిలింది’ అన్న మాటను పక్కన పెడదాం. మీ ఇంట్లో ముగ్గురికి ఉన్నవి మూడు వేర్వేరు ఇబ్బందులు. బాబుకు మాట ఆలస్యమైంది. మీ ఆయనకు నత్తి ఉంది. మీ మామకు మెదడుకు దెబ్బ తగిలి భాష చెదిరింది. మూడూ నోటి దగ్గరే కనబడతాయి కాబట్టి చూసేవాళ్లు ఒకే గాటన కడతారు. వాటి కారణాలు వేరు, బాగయ్యే దారులు వేరు. ఒకరి నుంచి ఇంకొకరికి వచ్చినవి అంతకన్నా కావు. మొక్కు మొక్కుకుంటే మీకు ధైర్యంగా ఉంటుందనుకుంటే మొక్కుకోండి, నేను వద్దనను. దానికోసం డాక్టరు దగ్గరికి పోవడం మాత్రం వాయిదా వేయకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ముగ్గురి విషయంలోనూ మీ ఇల్లు తెలియకుండానే ఒకే పని చేసింది, మాట్లాడటం తగ్గించింది. బాబు చేతికి ఫోన్ వచ్చింది. మీ ఆయన కొడుకుతో ముచ్చట మానుకున్నాడు. మీ మామకు అర్థం కాదనుకుని ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకుంటున్నారు. పరీక్షలు, వైద్యం తప్పకుండా కావాలి, వాటి గురించి వివరంగా చెబుతాను. కానీ ఈ ముగ్గురికీ ఇంట్లో మళ్లీ ముచ్చట మొదలు కాకుండా మాట నేర్పే ఏ స్పీచ్ థెరపిస్టూ పెద్దగా ఏమీ చేయలేరు.

బాబుతో మొదలుపెడతాను. ఎందుకంటే ఆలస్యం చేయకూడనిది అక్కడే.

సాధారణంగా ఏడాది నిండే సమయానికి పిల్లలు ఒకటో రెండో మాటలు అంటారు. రెండేళ్లు నిండేసరికి 50 మాటల దాకా వస్తాయి, ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ లాగా రెండు మాటలు కలుపుతారు. మూడేళ్లకు బయటివాళ్లకు కూడా చాలావరకు అర్థమయ్యేలా మాట్లాడతారు. పిల్లలందరూ ఒకేలా ఎదగరు, నిజమే. అయినా 2 ఏళ్ల 8 నెలలకు పది పన్నెండు మాటలే అంటే ‘వాడే మాట్లాడతాడులే’ అని కూర్చునే పరిస్థితి కాదు. ‘మా వంశంలో మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు’ అని మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆలస్యంగా మొదలుపెట్టి అందరినీ అందుకునే పిల్లలు చాలామందే ఉన్నారు. కానీ ఎవరు అందుకుంటారో, ఎవరు వెనకబడతారో ఆ వయసులో ముందుగా తేల్చి చెప్పలేం. అందుకే చూపించుకోవాలి. చూపించుకుని ‘ఏమీ లేదు’ అనిపించుకుంటే నష్టం లేదు.

మీ బాబు విషయంలో మొదట చూడాల్సింది చెవులు. ‘వినపడుతుంది అక్కా, పళ్లెం కింద పడితే ఉలిక్కిపడతాడు’ అని మీరు అనవచ్చు. చాలామంది తల్లులు ఇదే అంటారు. పళ్లెం చప్పుడు చాలా గట్టిది. చెవి తరచూ కారే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి చాలా రోజులు అలాగే నిలిచిపోవచ్చు. అప్పుడు వాడు వినే మాట బిందెలో తల పెట్టి విన్నట్టు ఉంటుంది. మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది గాని స, శ, త, క లాంటి మెత్తని శబ్దాలు సరిగా అందవు. ఒకరోజు బాగా వినబడి ఇంకోరోజు వినబడకపోవచ్చు కూడా. అందుకే ఇంట్లోవాళ్లు ‘వీడికి వినపడుతుంది గాని మొండితనం’ అనుకుంటారు. చప్పట్లు కొట్టి, గంట మోగించి ఇంట్లో చేసే పరీక్ష ఇలాంటి చిన్నపాటి వినికిడి లోపాన్ని పట్టుకోలేదు.

చెవి, ముక్కు, గొంతు డాక్టరు ముందు చెవి లోపల చూస్తారు. తర్వాత ఆడియాలజిస్టు వినికిడి పరీక్ష చేస్తారు. ఓఏఈ అనే పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. బేరా అనే పరీక్షకు పిల్లవాడు నిద్రపోవాలి, తలకు చిన్న తీగలు అంటించి శబ్దం మెదడు దాకా చేరుతోందో లేదో చూస్తారు. టింపనోమెట్రీ కర్ణభేరి వెనక నీరు ఉందేమో చెబుతుంది. వీటిలో ఏదీ నొప్పి పెట్టదు. కర్ణభేరి వెనక నీరు ఉంటే చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. రెండు చెవుల్లోనూ మూడు నెలలు దాటినా తగ్గకపోతే సన్నని గొట్టం పెట్టాలా అని డాక్టరు ఆలోచిస్తారు. ఈలోపు చెవిలో కొబ్బరినూనె, వెల్లుల్లి కాచిన నూనె, తల్లిపాలు ఏవీ పోయకండి. కారే చెవిలో కర్ణభేరికి చిల్లు ఉండవచ్చు. స్నానం చేయించేటప్పుడు నీళ్లు పోకుండా చూడండి.

(ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. మేనరికం చేసుకున్నవాళ్లు, పుట్టగానే పిల్లను ఐసీయూలో పెట్టాల్సి వచ్చినవాళ్లు, పసిబిడ్డకు కామెర్లు బాగా ఎక్కువైనవాళ్లు మాట కోసం ఎదురుచూడకుండా పుట్టిన నెలలోపే వినికిడి పరీక్ష చేయించండి. లోపం ఉంటే 3 నెలల్లోపు తేల్చుకుని, 6 నెలల్లోపు సాయం మొదలుపెట్టాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క.)

చెవులు బాగున్నాయని తేలితే అక్కడితో ఆగకూడదు. వినికిడి, తెలివి రెండూ బాగుండి భాష ఒక్కటే కష్టమయ్యే పిల్లలు ఉంటారు. ఇంగ్లండ్‌లో బడి పిల్లలపై చేసిన ఒక పెద్ద అధ్యయనంలో ఇలాంటివాళ్లు 100 మందిలో 7 మంది దాకా కనిపించారు. స్పీచ్ థెరపిస్టు ముందుగా చూసేది మీ బాబు ఎన్ని మాటలు అంటున్నాడన్నది కాదు, ఎంత అర్థం చేసుకుంటున్నాడన్నది. మీరు వేలు పెట్టి చూపించకుండా, కళ్లతో సైగ చేయకుండా ‘తాత చెప్పులు తే’ అంటే తెస్తాడా? పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? తనకు అక్కర లేకపోయినా ‘అదిగో చూడు’ అన్నట్టు విమానాన్నో కుక్కనో మీకు చూపించి మీ ముఖం వైపు చూస్తాడా? ఉత్తుత్తి అన్నం వండి పెట్టినట్టు ఆడతాడా? వేలుతో చూపిస్తాడని రాశారు, అది మంచి గుర్తు. మిగతావి ఈ వారం గమనించి ఒక కాగితం మీద రాసుకోండి. ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటం కష్టమయ్యే ఎదుగుదల తేడా) లాంటిది ఉందా లేదా అని డాక్టరు చూసేటప్పుడు ఈ కాగితం చాలా పనికొస్తుంది. ఇంకొకటి, ఒకప్పుడు అన్న మాటలను పిల్లవాడు మానేశాడంటే మాత్రం అదే వారం చూపించాలి.

ఇక ఆ బడివాళ్ల సలహా. చెల్లెమ్మా, అది తప్పు సలహా. ఇంట్లో లంబాడీ మానకండి. రెండు మూడు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదు. భాషాలోపం ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరు, రెండు భాషల వల్ల వాళ్ల లోపం పెరగదు. నిజంగా లోపం ఉంటే అది రెండు భాషల్లోనూ కనబడుతుంది. అందుకే వాడి మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. లంబాడీ మాట ఒకటి, తెలుగు మాట ఒకటి వేరుగా రాసి థెరపిస్టుకు ఇవ్వండి. ఆమెకు లంబాడీ రాకపోతే మీరే అర్థం చెప్పండి. మీకు నోటినిండా వచ్చే భాషలో మీరు వాడికి కథ చెప్పగలరు, లాలించగలరు, కోప్పడగలరు, వాడు ఏడిస్తే పది రకాలుగా బుజ్జగించగలరు. రాని ఇంగ్లీషులో ‘కమ్, సిట్, ఈట్’ తప్ప ఏం చెబుతారు? తెలుగు అంగన్‌వాడీలో, బజారులో వస్తుంది. ఇంగ్లీషు బడిలో వస్తుంది. మీ భాష ఇవ్వగలిగింది మీరు, మీ అత్తమ్మ, మీ మామ మాత్రమే.

వస సంగతి తొందరగా చెప్పేస్తాను. మన ఊళ్లలో పసిపిల్లలకు వస పట్టడం పాత అలవాటు, మీ అత్తమ్మ ప్రేమతోనే చేస్తున్నారు. కానీ వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది. దాన్ని ఆహారంలో కలపకూడదని అమెరికాలో 1968లోనే నిషేధించారు. ఎక్కువైతే వాంతులవుతాయి. దానివల్ల మాట వస్తుందనడానికి ఆధారం లేదు. ‘డాక్టరు ఆపమన్నారు’ అని నెమ్మదిగా చెప్పండి, నా పేరు చెప్పినా సరే. వస నాకించే ఆ సమయంలోనే మనుమడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని పాట పాడమనండి. అలాగే ‘నాలుక కింది నరం కోయిస్తే మాట వస్తుంది’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నాలుక అంటుకుని ఉంటే కొందరు పసిపిల్లలకు పాలు తాగడం కష్టం కావచ్చు, కొన్ని శబ్దాలు సరిగా పలకకపోవచ్చు. మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. కాకిని ‘తాతి’ అని, రైలును ‘లైలు’ అని అనడం కూడా ఈ వయసులో పిల్లల్లో మామూలే, దాన్ని చూసి భయపడకండి.

ఫోన్ గురించి మిమ్మల్ని తప్పుపట్టను. ఎండలో మిర్చి ఏరే తల్లికి పిల్లవాడిని కూర్చోబెట్టే దారి ఇంకేముంది? ‘ఫోన్ వల్లే నీ కొడుక్కు మాట రాలేదు’ అని ఎవరైనా నిందిస్తే ఒప్పుకోకండి, అలా ఎవరూ చెప్పలేరు. అయినా ఫోన్ తగ్గించాలి. 2 ఏళ్లలోపు పిల్లలకు అసలు వద్దనీ, 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్‌లో పాట వస్తుంది గాని, వాడు ‘ఊ’ అంటే అది తిరిగి ‘ఊ’ అనదు. పిల్లలకు మాట వచ్చేది ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో. ఇచ్చినా ఆ గంట మీరు పక్కన ఉన్నప్పుడు ఇవ్వండి, చూసినదాని గురించి వాడితో మాట్లాడండి.

దీనికోసం వేరే సమయం దొరకదని నాకు తెలుసు. స్నానం చేయించేటప్పుడు, బట్టలు వేసేటప్పుడు, కోడిపిల్లలకు నూకలు చల్లేటప్పుడు వాడి ఎత్తుకు దిగి, ముఖం కనబడేలా కూర్చోండి. వాడు దేన్ని చూస్తున్నాడో దాని గురించే మాట్లాడండి. వాడు ‘కోడి’ అంటే మీరు ‘కోడి తింటోంది’ అనండి, ఒక్క మాట మాత్రమే ఎక్కువ కలపండి. తర్వాత ఆగండి. మనసులో పది లెక్కపెట్టేంతసేపు నోరు మూసుకుని వాడి ముఖం చూడండి. చాలామంది తల్లిదండ్రులకు కష్టమయ్యేది ఈ ఆగడమే, మనమే తొందరపడి అందించేస్తాం. ‘పాణి కావాల్నా, బాటి కావాల్నా’ అని రెండూ చూపించి అడగండి. వాడు సగం మాట అన్నా, చేత్తో చూపించినా తీసుకుని, మీరు పూర్తి మాట అని ఇచ్చేయండి. ‘అను, అను, అంటేనే ఇస్తా’ అని ఏడిపించవద్దు. చుట్టాలు వచ్చినప్పుడు ‘ఏదీ, అత్తకు చెప్పు’ అని పరీక్ష పెట్టవద్దు. సైగలు నేర్పితే మాట రాదని భయపడతారు, అది నిజం కాదు. సైగ మాటకు దారి చేస్తుంది.

ఇప్పుడు మీ ఆయన సంగతి. మీ ఉత్తరంలో ఈ రెండు వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగాను. నత్తి అంటుకోదు. విని నేర్చుకునేది కాదు. దయచేసి ఈ వాక్యాన్ని ఆయనకు చదివి వినిపించండి.

నత్తి ఎక్కువగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. 100 మంది పిల్లల్లో 5 మంది దాకా ఏదో ఒక సమయంలో నత్తిగా మాట్లాడతారు, వాళ్లలో ఎక్కువమందికి అదే పోతుంది. పెద్దవాళ్లలో 100 మందికి ఒకరికి మిగులుతుంది, అందులోనూ మగవాళ్లే ఎక్కువ. భయం వల్లనో, పెంపకం వల్లనో, ఎవరినో వెక్కిరించినందుకో వచ్చేది కాదు. మెదడులో మాట కదలికలను నడిపించే తీరులో చిన్న తేడా ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపిస్తుంది కూడా. అంటే మీ బాబుకు నత్తి వచ్చే అవకాశం మిగతా పిల్లలకంటే కొంచెం ఎక్కువ ఉండవచ్చు. అయితే ఆయన మాట్లాడినా మానినా ఆ అవకాశం మారదు. ఆయన మౌనం వల్ల బాబు పోగొట్టుకుంటున్నది నాన్న ముచ్చట ఒక్కటే. మాటలు తక్కువున్న పిల్లవాడికి అది పెద్ద నష్టం.

నత్తి ఉన్నవాళ్లను దగ్గరగా చూసినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. పాట పాడేటప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, పసిపిల్లలతో మాట్లాడేటప్పుడు చాలామందికి నత్తి బాగా తగ్గుతుంది. ఫోన్‌లో, కొత్తవాళ్ల ముందు, తన పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు పెరుగుతుంది. పేరుకు బదులు ఇంకో మాట పెట్టుకోలేరు కదా. మీ ఆయన పైసలు అడగాల్సిన చోట అడగకుండా వచ్చేయడం, నోటికి రాని మాట బదులు ఇంకో మాట వాడటం మీరు గమనించే ఉంటారు. అది తెలివితక్కువతనం కాదు, జీవితమంతా పడే కష్టం. గులకరాళ్లు నోట్లో పెట్టుకుంటే పోతుందనేది నమ్మవద్దు. ‘మెల్లగా చెప్పు’, ‘ఊపిరి పీల్చుకో’ అనడం, ఆయన మాటను మీరు పూర్తి చేయడం మానండి. ఏం చెబుతున్నాడో విని, ఎలా చెబుతున్నాడన్నది వదిలేయండి. పెద్దవాళ్లకు కూడా స్పీచ్ థెరపీ ఉంది. నత్తి పూర్తిగా పోతుందని హామీ ఇవ్వలేరు గాని, మాట దగ్గర పడే గింజులాట, తప్పించుకు తిరిగే అలవాటు తగ్గుతాయి. బాబును చూపించడానికి హైదరాబాద్ వైపు పోతే ఆయన కూడా ఒకసారి కలవవచ్చు. ఈ రాత్రికి మాత్రం ఆయనను వీడియో కాల్‌లో బాబుతో పాట పాడమనండి.

రేపు బాబు ‘బ-బ-బస్సు’ అనడం మొదలుపెట్టినా ఇంట్లో గాభరా పడకండి. ఆరు నెలలు దాటినా పోకపోతే, లేదా మాట కోసం ముఖం బిగబట్టి కష్టపడుతుంటే థెరపిస్టుకు చూపించండి.

మీ మామ గురించి రాయడానికి నాకు చాలా ఉంది. మతి పోలేదు. ఈ మాట మీ పెద్ద బావకు కూడా చెప్పాలి.

ఎక్కువమందికి భాష మెదడు ఎడమ సగంలో ఉంటుంది. కుడి చేతిని, కుడి కాలిని నడిపించేదీ ఎడమ సగమే. అందుకే కుడివైపు పడిపోయినవాళ్లకు మాట కూడా పోవడం ఎక్కువ. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు, మాట పోయిన ఒక రోగి మెదడులో ఎడమవైపు ముందు భాగం దెబ్బతిన్నదని చూపించాడు. ఆ రోగి ఏం అడిగినా ‘టాన్’ అనే ఒక్క శబ్దమే అనగలిగేవాడు, కానీ అడిగింది చాలావరకు అర్థం చేసుకునేవాడు. మెదడుకు దెబ్బ తగిలి ఇలా భాష చెదరడాన్ని అఫేసియా అంటారు. పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఇది వస్తుంది. కొందరికి అర్థమవుతుంది గాని మాట బయటికి రాదు. కొందరు గడగడా మాట్లాడతారు గాని ఆ మాటలకు అర్థం ఉండదు, ఎదుటివాళ్ల మాటా సరిగా అందదు. చెంబును గొడ్డలి అనడం చూస్తే ఆయనకు చెంబు ఏమిటో తెలుసు, దాని పేరు దొరకడం లేదు. తప్పు మాట వచ్చిందని తెలుస్తోంది కాబట్టే ఏడుస్తున్నాడు. మతి లేనివాడికి ఆ దుఃఖం ఎక్కడిది?

భజన ఎందుకు వస్తోందంటే, ఏళ్లకేళ్లు పాడి నోటికి పట్టిన పాట, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టడం, దండం పెట్టేటప్పుడు అనే మాటలు, కోపంలో వచ్చే తిట్టు, ఇవన్నీ అప్పటికప్పుడు మాట కూర్చుకుని మాట్లాడటం కంటే వేరేగా నడుస్తాయి. పాటలో మెదడు కుడి సగం పాత్ర ఎక్కువ. దీన్ని వాడుకునే ఒక థెరపీ పద్ధతిని అమెరికాలో 1973లోనే తయారుచేశారు. రాగంలో చిన్న మాటను పెట్టి, ఎడమ చేత్తో తాళం వేస్తూ అనిపిస్తారు. భజన పాడినంత మాత్రాన మాట తిరిగి రాదు, అది నిజాయితీగా చెప్పాలి. కానీ మొదలుపెట్టడానికి అదే మంచి చోటు. ఆయనతో కూర్చుని పాడండి. పాట మధ్యలో ఆగి చివరి మాట ఆయనకు వదలండి. రోజూ అవసరమయ్యే ‘పాణి’ లాంటి మాటను అదే రాగంలో అనిపించండి.

ఆయనతో లంబాడీలోనే మాట్లాడండి. రెండు భాషలు వచ్చినవాళ్లకు చాలాసార్లు రెండూ కలిసే తిరిగి వస్తాయి, కొందరికి ఒకటి ముందు వస్తుంది. ఒకసారి ఒకరే మాట్లాడండి. టీవీ ఆపండి. చిన్న వాక్యం చెప్పి ఆగండి. ‘ఏం కావాలి’ అనే బదులు అవును, కాదు అని తల ఊపగలిగే ప్రశ్న అడగండి. చెంబు, దుప్పటి, మాత్రలు, బీడీ, మీ ఆయన, మనుమడు, ఇలా ఫొటోలు తీసి ఒక అట్ట మీద అంటించి ఎడమ చేతికి అందేలా పెట్టండి. అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపవద్దు, ఆయనకు తెలిసిపోతుంది. ‘నాకు అర్థం కాలేదు బాపూ, మళ్లీ చూపించు’ అనండి. చెవుడు వచ్చినట్టు గట్టిగా అరవకండి. ఆయన ముందు ఆయన గురించి మూడో మనిషిలా మాట్లాడకండి. నాలుగు నెలలే అయింది. తొందరగా తేరుకునేది మొదటి నెలల్లోనే అయినా, ఏడాది దాటాక కూడా మెరుగుపడినవాళ్లు ఉన్నారు.

బీడీ అన్నాను గాని అది మానాల్సిందే. బీపీ, షుగరు మాత్రలు ఒక్క రోజు కూడా తప్పకూడదు. మళ్లీ మూతి వంకర పోయినా, చెయ్యి వాలిపోయినా, ఉన్న మాట కూడా తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది, అదీ సీటీ స్కాన్ చూశాకే ఇస్తారు. బాగున్నట్టు చివరిసారి ఎన్ని గంటలకు చూశారో డాక్టరుకు చెప్పండి.

జావ తాగితే దగ్గు అన్నారు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మింగే కండరాలు కూడా దెబ్బతిని, పలచటివి గాలిగొట్టంలోకి పోతుండవచ్చు. అలా పోతే న్యుమోనియా వస్తుంది. పడుకోబెట్టి తాగించవద్దు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న గుక్కలుగా ఇచ్చి, తర్వాత అరగంట కూర్చునే ఉండనివ్వండి. తాగాక గొంతు తడితడిగా గరగరమన్నా, తరచూ జ్వరం వచ్చినా వెంటనే చూపించండి. మింగడం పరీక్షించి జావ ఎంత చిక్కగా ఇవ్వాలో చెప్పేది కూడా స్పీచ్ థెరపిస్టులే.

భూమి సంగతి. మాట రానంత మాత్రాన ఎవరి హక్కూ పోదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో మాట, భాషా వైకల్యాన్ని కూడా చేర్చింది. వైకల్యం ఉన్నవాళ్లకు ఆస్తి మీద, సొంత లావాదేవీల మీద అందరితో సమానమైన హక్కు ఉందని అదే చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. పంపకం నిజంగా అవసరమే అయితే ఆయనను అడగండి. చేను, ఇల్లు, కొడుకుల ఫొటోలు ముందు పెట్టి, ప్రశ్న చిన్నదిగా చేసి, ఒకటికి రెండు రోజులు వేర్వేరుగా అడిగి, జవాబు ఒకటే వస్తోందో లేదో చూడండి. అర్థం చేసుకునే శక్తి ఎంత ఉందో థెరపిస్టు కూడా పరీక్షించి రాసివ్వగలరు. ఆయనకు తెలియకుండా పట్టుకుని వేలిముద్ర వేయించడం తప్పు. మీరు ఇంటి కోడలు, ఈ మాట పెద్ద బావతో అనడం ఎంత కష్టమో నేను ఊహించగలను. ఈ ఉత్తరాన్నే మీ ఆయన చేత చూపించండి.

ఎక్కడికి పోవాలంటే, ముందు వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి బాబును తీసుకుపోండి. మీ అంగన్‌వాడీ టీచర్‌ను కూడా అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను చూడాలి, అవసరమైనవాళ్లను డీఈఐసీ అనే జిల్లా కేంద్రానికి పంపాలి. అక్కడ తేలకపోతే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో రెండు కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. వినికిడి, మాట కోసం అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఎదుగుదల లోపాల కోసం ఎన్ఐఈపీఐడీ. మహబూబాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు నేరుగా రైళ్లు ఉన్నాయి. ప్రైవేట్ సెంటర్‌కు పోతే థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ‘మూడు నెలల్లో మాట గ్యారంటీ’ అనేవాళ్ల దగ్గర ఆగకండి. మిమ్మల్ని బయట కూర్చోబెట్టి తలుపు వేసుకునే చోటు కంటే, పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లో ఏం చేయాలో నేర్పే చోటు మేలు. మీ మామకు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు కోసం ఎప్పుడు అర్జీ పెట్టుకోవాలో చికిత్స చేస్తున్న డాక్టరును అడగండి.

జూన్‌లో బడి అన్నారు. మూడేళ్లు కూడా నిండని పిల్లవాడికి ఆ ప్రైవేట్ బడి అక్కర్లేదు. ‘నలుగురిలో పడితే మాట అదే వస్తుంది’ అని చాలామంది చెబుతారు, చెవి పరీక్ష చేయించకుండా బడిలో వేస్తే వాడు అక్కడ వెనక వరుసలో మౌనంగా కూర్చుంటాడు. ఇప్పటికి తండా అంగన్‌వాడీకే పంపండి. తోటి పిల్లలుంటారు, ఇంటి భాషా వినబడుతుంది. బాబును తనకు దగ్గరగా, తన ముఖం కనబడేలా కూర్చోబెట్టమని టీచర్‌కు చెప్పండి. వినికిడి పరీక్ష కాగితం చేతికి రాగానే జిరాక్స్ తీసి ఒకటి ఆమెకు కూడా ఇవ్వండి.